సెలవు దొరకని బిషప్పు

మా అత్తగారు తెనాలి నుంచి ప్లేనోలోని మా ఇంటికి వచ్చిన కొత్తలోనే నా బిషప్పుకి బొట్టు పెట్టేశారు.

నేనప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాననడం కన్నా ఈడుస్తున్నానంటే సరిపోతుంది. పొద్దున ఒక కాలేజీలో పాఠాలు, మధ్యాహ్నం ఇంకో కాలేజీలో పాఠాలు, మధ్యలో కారులోనే పెరుగన్నం. థీసిసంతా మధ్యయుగాల ఇంగ్లండులోని ఒక క్యాథలిక్ బిషప్పు జీవితం గురించి. ఆయన పేరుకి బిషప్పు, పనికి రాజుగారి మంత్రి. రాజముద్ర ఆయన దగ్గరే ఉండేది. పన్నులు, సంధులు, రాకుమార్తెల పెళ్ళి సంబంధాలు, అన్నీ ఆయన నెత్తినే. జీతానికి బదులు రాజు ఆయనకి దూరాన ఒక ఊళ్ళో బిషప్పు పీఠం ఇప్పించాడు గానీ, అక్కడికెళ్ళి తన జనాన్ని చూసుకోవడానికి మాత్రం సెలవివ్వలేదు. తెలుగువాళ్ళ పార్టీల్లో ఈ సంగతి చెబితే, "ఎందుకమ్మా ఈ గోల, హాయిగా జావా నేర్చుకోరాదూ?" అనేవారు అంకుల్స్. ఒక ఆంటీ అయితే నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "మీరు కన్వర్ట్ అయ్యారా?" అని గుసగుసగా అడిగింది. ఏం చెప్తాం, నా ఖర్మ.

ఆయన బొమ్మని నా బల్ల ఎదురుగా గోడకి అతికించుకున్నాను. పొడుగాటి టోపీ, జోడించిన చేతులు, అరమోడ్పు కళ్ళు. ఒకరోజు అత్తయ్య పూజ ముగించి, ఇల్లంతా అగరొత్తి తిప్పుతూ వచ్చి దాని ముందు ఆగారు.

"ఈ స్వామెవరమ్మా?"

"రాజుగారి కొలువులో పనిచేసిన పెద్ద ఫాదరండీ" అన్నాను, క్లాసుకి లేటవుతుంటే తాళాలు వెతుక్కుంటూ.

"చేతులు జోడించాడు, పాపం మంచివాడే" అని బొమ్మ నుదుట కుంకుమ పెట్టి, పెరట్లో గులాబీ ఒకటి కోసుకొచ్చి పెట్టారు. అప్పట్నుంచి రోజూ అదే వరస. వద్దని చెప్పే ఓపిక నాకు లేదు.

ఆవిడ వచ్చింది మా పసిదాన్ని చూసుకోవడానికి. ఆరు నెలలేనని చెప్పి తీసుకొచ్చాం. తెనాలిలో ఆవిడకో భజన బృందం ఉంది. పాట ఎత్తుకునేది ఆవిడ, అందుకునేది తక్కిన ఆడవాళ్ళు. శనివారం వస్తే చాలు, కాలింగ్ కార్డు గీకి వాళ్ళకి ఫోన్ చేసేవారు. "నేను లేకపోతే శ్రుతి ఎటో పోతోందిట" అని నవ్వేవారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కిటికీ దగ్గరే ఉండిపోయేవారు.

ఆరు నెలలయ్యే వేళకి నా రాత సగంలో ఉంది. మా ఆయన, "అమ్మా, వీసా ఎక్స్‌టెన్షన్ అప్లై చేద్దాం. తను డ్రాఫ్ట్ సబ్మిట్ చేసేదాకా ఉండు" అన్నాడు. ఆవిడ వెళితే పిల్ల డేకేర్‌కి, నా థీసిస్ గంగపాలు. నేను తల దించుకుని పిల్ల పాలసీసా కడుగుతున్నాను. ఆవిడ "సరేలేరా" అని లేచి పప్పు పోపు పెట్టడానికి వెళ్ళిపోయారు.

నేను ఇంట్లో ఉన్న రోజుల్లో, పిల్ల నిద్రపోయాక బిషప్పు కథ చెప్పించుకునేవారు.

"ఇవాళ సెలవడిగాడా?"

"అడిగాడండీ. ఫ్రాన్సుతో సంధి అయ్యాక వెళ్ళమన్నాడు రాజు."

"సంధి అయిందా?"

"అయింది. ఈలోగా రాకుమార్తెకి పెళ్ళి కుదిరింది."

"అయితే ఆ తర్వాత పురుడంటాడు" అన్నారు, పిల్ల గౌన్లు మడతపెడుతూ. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వాక ఆవిడ మడతపెట్టిన గౌనునే విప్పి మళ్ళీ మడతపెట్టారు.

ఆ గడువూ అయిపోవస్తుంటే మా ఆయన మళ్ళీ ఎక్స్‌టెన్షన్ మాటెత్తాడు. ఆ మర్నాడు అత్తయ్య గులాబీ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఇంతకీ ఈయన వాళ్ళ ఊరు వెళ్ళాడా లేదా? రేపు చెప్తా, మాపు చెప్తా అని దాటేస్తున్నావు."

నిజమే, దాటేస్తున్నాను. ఇక అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. "ముసలితనంలో సెలవిచ్చాడండీ. బయల్దేరి, దారిలో జ్వరమొచ్చి పోయాడు. శవాన్ని తీసుకెళ్ళి ఆయన చర్చిలోనే పాతిపెట్టారు. ఇది ఆ సమాధి మీద చెక్కిన బొమ్మే."

పువ్వు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. "నిలబడ్డాడనుకున్నానే! పడుకోబెట్టారా?" అన్నారు.

సరాసరి బాత్రూంలోకి వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకొచ్చారు. ఇన్నాళ్ళూ సమాధికి బొట్టు పెట్టిన మైల కాబోలనుకున్నాను. దగ్గరికొచ్చాక కళ్ళు చూస్తే ఏడ్చారని తెలిసింది. తడిజుట్టుతోనే నా పక్కన కూర్చుని, "అమ్మాయ్, నాకింకా గొంతుందే. ఉండగానే పంపించెయ్యండి" అన్నారు.

మా ఆయన ఇంటికి రాగానే, బూట్లయినా విప్పకముందే, "అత్తయ్యకి టికెట్ బుక్ చెయ్యి" అన్నాను.

"మరి నీ డ్రాఫ్ట్?"

"దాని మొహం. ముందు బుక్ చెయ్యి."

వెళ్ళే రోజు పొద్దున అత్తయ్య గోడమీది బొమ్మని జాగ్రత్తగా ఊడదీసి బల్లమీద పడుకోబెట్టారు. బొట్టు పెట్టలేదు. కాళ్ళ దగ్గర గులాబీ మాత్రం పెట్టారు.

థీసిస్ పూర్తికాలేదు. ఆ బిషప్పు పోయి నెల తిరక్కుండానే రాజుకి ఇంకో మంత్రి దొరికాడు. నాకు ఇంకో అత్తయ్య దొరకలేదు. పిల్లని డేకేర్‌లో దింపుతూ, ఆ రెండు కాలేజీల మధ్యా అలాగే తిరుగుతూ ఉండిపోయాను.

ఆవిడ వెళ్ళాక వచ్చిన శనివారం పొద్దున్నే కాలింగ్ కార్డు గీకి నేనే తెనాలికి ఫోన్ చేశాను. బడలికగా ఉంది, ఏడుపొస్తోంది, ఆవిడతో కాసేపు మాట్లాడాలనిపించింది. అవతల భజన తాళాల చప్పుడు.

"మళ్ళీ చెయ్యమ్మా, పాట ఎత్తుకోవాలి" అని ఠక్కున పెట్టేశారు.