మంగళవారం చెడ్డదని నిరూపించింది నేనే

మీ వాదనను గెలిపించి మిమ్మల్ని మాత్రం నవ్వులపాలు చేసే సాక్ష్యం మీ చేతికే చిక్కితే, దాన్ని బల్ల మీద పెడతారా, జేబులో వేసుకుంటారా? వెంటనే జవాబు చెప్పకండి. నేనూ వెంటనే చెప్పేవాణ్ణే. మైకు పట్టుకుని, బల్ల మీదే పెడతానని గొంతు చించుకునేవాణ్ణి. తీరా సమయం వచ్చినప్పుడు జేబులో వేసుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆ బరువు మోస్తున్నాను. నా పేరు చెప్పను. నా వ్యాసాలు చదివేవాళ్ళకు చెప్పనక్కరలేదు.

అప్పుడప్పుడే మాలాంటివాళ్ళ చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి పాతబస్తీలోని జహనుమాలో అద్దెకుండేవాణ్ణి. పగలు ఉద్యోగం. సాయంత్రం మూఢనమ్మకాల మీద యుద్ధం. నేను నడిపే చిన్న మాసపత్రికకు అక్షరాలు కూర్చేది మా గల్లీలోనే ఉండే యాదగిరి. వాళ్ళది తరాల నాటి పాల వ్యాపారం. ఈయన మాత్రం బర్రెల కొట్టానికి ముందున్న గదిలో కంప్యూటర్ పెట్టుకుని తెలుగులో, ఉర్దూలో పెళ్ళికార్డులు చేసేవాడు. ఒకసారి కంప్యూటర్ చెడిపోయి, చేసిన కార్డులన్నీ మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఆ దెబ్బకు ఇటుకంత ఉండే బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొన్నాడు. రోజూ సాయంత్రం పనంతా దానిలోకి కాపీ అయ్యేలా బ్యాకప్ పెట్టి, పాలు పితకడానికి వెనక్కి వెళ్ళేవాడు.

నేను ప్రూఫులు దిద్దడానికి మంగళవారం, శనివారం మాత్రమే వెళ్ళేవాణ్ణి. ఆ రెండు రోజులూ మంచివి కావని జనం అనుకుంటారు కాబట్టి. నా ప్రతి పనీ ఆ రోజుల్లోనే. మంగళవారం మా వైపు సెలూన్లు మూసి ఉంటే, బార్కస్ దాకా నడిచి వెళ్ళి మరీ క్షవరం చేయించుకునేవాణ్ణి. నవ్వుకోండి. ఇప్పుడు నాకూ నవ్వొస్తోంది.

నా మాటలకు నిజంగా మారిన మనిషి ఒక్క యాదగిరే. బార్కస్ రోడ్డు మీద ఆయనకు మంచి దుకాణం గది దొరికింది. ఇరుకు గల్లీ నుంచి రోడ్డు మీదికి రావాలన్నది ఆయన చిరకాలపు కోరిక. ముందు మూఢం ఉంది, ఇప్పట్లో ముహూర్తాల్లేవని పంతులు చెప్పాడు. అంతకాలం ఆగనని గది యజమాని చెప్పాడు. ముహూర్తం లేకుండా మంగళవారమే తెరవమని నేను చెప్పాను. యాదగిరి ఒప్పుకున్నాడు. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

అప్పుడు మొదలైంది గోల. బ్యాకప్ మధ్యలో ఆగిపోతోంది. డిస్క్ కనబడటం లేదని తెర మీద ఒక ముక్క. ప్రతిరోజూ కాదు. మంగళవారం, శనివారం మాత్రమే.

బార్కస్ నుంచి కంప్యూటర్ మెకానిక్ సాలెహ్ భాయ్ వచ్చాడు. వైరు మార్చాడు. ఆ వైరును కంప్యూటర్ వెనక మరో రంధ్రంలో పెట్టి చూశాడు. డిస్క్‌ను ఖాళీ చేసి ఫార్మాట్ చేశాడు. వైరస్ ఉందేమోనని వెతికాడు. అది తనంతట తాను నిద్రపోకుండా సెట్టింగు మార్చాడు. ఆయన చూసిన బుధవారం బ్యాకప్ చక్కగా పూర్తయింది. సామాను సర్దుకుంటూ తీర్పు చెప్పాడు: "డిస్క్ ఠీక్ హై, భాయ్. తుమ్హారా మంగళ్ ఖరాబ్ హై."

నేను మండిపడ్డాను. యంత్రానికి వారాలు తెలియవన్నాను. మనకు తెల్వనియన్నీ దానికి గూడ తెల్వయని ఎట్ల జెప్తరు సార్ అని యాదగిరి నవ్వాడు. అయితే ఆ రెండు రోజులూ నేనే పక్కన కూర్చుని కాపలా కాస్తానన్నాను. కాశాను. నా కళ్ళెదుటే అది ప్రతిసారీ ఆగిపోయింది.

ఒక శనివారం ఫ్యాను రిపేరుకు పోయింది. గది నిశ్శబ్దంగా ఉంది. యాదగిరి బ్యాకప్ పెట్టి వెనక్కి వెళ్ళాడు. నేను అలవాటుగా, ఆమధ్యే కొన్న నా ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టాను. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఖాళీ ఉండేది కాదు. అందుకని ఎప్పుడూ స్పీకర్లది అనుకున్న ఒక నల్ల ప్లగ్గు తీసి నాది పెట్టేవాణ్ణి. పోయేటప్పుడు, మర్యాదస్తుణ్ణి కదా, దాని చోట దాన్ని మళ్ళీ పెట్టేసేవాణ్ణి. ఆ రోజు అది తీయగానే గదిలో సన్నటి గుర్రుమనే చప్పుడు ఒకటి ఆగింది. పెట్టాను. వచ్చింది. తీశాను. ఆగింది. అది హార్డ్ డిస్క్ ప్లగ్గు.

శాస్త్రీయ పద్ధతిలో నేను నా చేతులతో నిరూపించిన సత్యం జీవితంలో అదొక్కటే. మంగళ శనివారాలకు పట్టిన పీడ నేనే!

యాదగిరి పాలక్యాను పట్టుకుని వచ్చాడు. తెర చూశాడు. నేను నోరు తెరిచాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"సార్, వొచ్చే మంగళారం దీనికి నిమ్మకాయ గడ్త. గప్పుడు గూడ ఫేలైందనుకో, మీరే గెలిచినట్టు. నిమ్మకాయ బర్రెకేసి, దుకాణం మంగళారమే తెరుస్త. పాసైతే మాత్రం మూఢం పొయ్యేదాక ఆగుత, నన్ను ఏమనొద్దు. పరీక్ష పెట్టి సూడుమని మీరే నేర్పిర్రు గద?"

"పెట్టండి," అన్నాను.

ఆ ఒక్క మాటే. ఎందుకన్నాను? ఛార్జరు సంగతి చెబితే గల్లీ అంతా నవ్వుతుందని. వేదికల మీద గర్జించేవాడు ప్లగ్గు చూసుకోలేదంటారని. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

మంగళవారం వచ్చింది. నల్ల ప్లగ్గు తీస్తే నిమ్మకాయ ఓడిపోతుంది, దుకాణం తెరుచుకుంటుంది, నేను గెలుస్తాను. ఆ ఆలోచన వచ్చింది, దాచను. కానీ అది మోసం కదా. ఛార్జరు ఇంట్లోనే వదిలి వెళ్ళాను. బ్యాకప్ దివ్యంగా పూర్తయింది. నా చెయ్యి మోసం చేయలేదని చాలాకాలం గర్వపడ్డాను. నాలుక సంగతి? అది ఊరుకుంది. చేతిని శుభ్రంగా ఉంచుకుని నోటితో దొంగతనం చేయడమంటే అదే.

యాదగిరి మూఢం పోయేదాకా ఆగాడు. గది యజమాని ఆగలేదు. ఇప్పుడక్కడ అరబ్బుల మాంసాన్నం, మందీ, అమ్మే హోటలు నడుస్తోంది. చాలా బాగుంటుందంటారు. నేను తినలేదు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. నేను ఆగలేదు. ఆ కోపంతో, ఎవరి మీదో తెలియని కోపంతో, "హార్డ్ డిస్క్‌కు నిమ్మకాయ" అని వ్యాసం రాశాను. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. అయినా అది ఎవరి గురించో గల్లీలో అందరికీ తెలిసింది. నేను సృష్టించిన మూఢనమ్మకాన్ని నేనే చీల్చి చెండాడాను. పాఠకులు మెచ్చుకున్నారు. దాన్ని కంపోజ్ చేసింది యాదగిరే. నా అచ్చుతప్పు కూడా ఒకటి దిద్ది, "సార్, నిమ్మకాయ బొమ్మ గూడ పెట్టాల్నా?" అని నవ్వుతూ అడిగాడు.

పెట్టమన్నాను.

ఆలోచించి చూడండి. ఉన్న ఆధారాల మేరకు యాదగిరి తేల్చుకున్నదాంట్లో తప్పేముంది? గమనించాడు, పరీక్షించాడు, ఫలితాన్ని ఒప్పుకున్నాడు. ఆధారాన్ని దాచినవాణ్ణి నేను. తాయెత్తులు అమ్మేవాడికి తన సరుకు మీద నమ్మకమైనా ఉండవచ్చు. నాకు ఆ సాకు కూడా లేదు.

ఈ రాతప్రతి రేపు యాదగిరి దగ్గరికే వెళుతుంది. మొదటి పాఠకుడు ఆయనే. ఏమంటాడో తెలియదు. క్షమించమని అడగడం లేదు. దుకాణం గది తెచ్చివ్వలేనివాడు క్షమాపణ అడగడం మరో బేరం. రాసేశాను, అంతే.

మీరు ఆనాడు ఆ వ్యాసం చదివి నవ్వి ఉంటే మీకూ ఒక పని ఉంది. ఆ సంచిక వెతికి తీయండి. వ్యాసం మీద అడ్డంగా గీత కొట్టండి. ప్లగ్గు పీకినవాడే ఇది రాశాడని అంచున రాయండి. అప్పట్లో దాన్ని ఎవరెవరికి చదివి వినిపించారో, వాళ్ళందరికీ చూపించి రండి.