ఫోనుకు తెలుగు నేర్పిన పిన్ని

హిందీ మాట్లాడే టాటీబంధ్‌లో మా పక్కింటి పిన్ని నర్సు. హిందీ బడిలో చదవడంతో ఆమెకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం, రాయడం రావు. కాకినాడలో ఉన్న వాళ్లక్కకు వినికిడి పూర్తిగా పోయింది. ఆవిడకు తెలుగు తప్ప మరో భాష చదవడం రాదు. దాంతో అక్కచెల్లెళ్ల మాటలు ఆగిపోయాయి.

చెబితే ఫోనే రాస్తుందని పిన్నికి చూపించాను. "అక్కా, తిన్నావా?" అంటే "అక్క తినవా" అని వచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్‌కు మన భాష రాదులే అని విసుక్కున్నాను.

"పసిపిల్లలకు మాత్రం పుట్టగానే మాటలొస్తాయేంట్రా? దీనికీ థోడా టైం ఇవ్వాలి కదా" అంది పిన్ని. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, రోగికి మందులు వివరించినట్టు నిదానంగా మళ్లీ పలికింది. ఈసారి సరిగ్గా వచ్చింది, అక్కకు పంపేశాను.

కాసేపటికి అక్క పంపిన జవాబు నేనే చదివి వినిపించాను: "తిన్నానే. నీ గొంతు విన్నట్టే ఉంది."

పిన్ని ఫోను లాక్కుంది. ఆ సాయంత్రమంతా ఆమె చెబుతూనే ఉంది, నేను తప్పులు దిద్దుతూనే ఉన్నాను.