లాభంతో మొదలైన ఐదు సెకండ్లు

బాస్కెట్‌బాల్‌లో గీత బయటినుంచి బంతి వేయించడంలో మా జిల్లాలో నన్ను మించిన రిఫరీ పుట్టలేదు. బంతి బయటికి పోతే దాన్ని ఆటగాడి చేతికిచ్చి, రిఫరీ చెయ్యి ఊపుతూ ఐదు లెక్కపెడతాడు. ఐదయ్యేలోపు లోపలికి వేయకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. నేను చెయ్యి ఊపుతుంటే స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు తమ స్టాప్‌వాచీలు సరిచేసుకునేవాళ్లు. ఆ ఊపు చూసి నేర్చుకుందామని బెంగళూరు నుంచి రిఫరీలు దిగేవాళ్లు.

ఒక్కడే దిగాడులెండి. అదీ అత్తగారింటికి. బస్సుకింకా టైముందని మా కోర్టు గోడమీద కూర్చున్నాడు. రిఫరీ అవునో కాదో నేనడగలేదు.

తొంభైలలో నేను మదనపల్లెలో డ్రిల్లు మాస్టరుని. చలికాలం పొద్దున మంచు దిగితే ఈ కొసనుంచి ఆ కొసనున్న బోర్డు కనిపించేది కాదు. విసిరిన బంతి మంచులోకి పోయేది. కాసేపటికి మంచులోంచే తిరిగొచ్చేది. మధ్యలో ఎవరు పట్టుకున్నారో, ఎవరు వదిలారో దేవుడికే తెలియాలి. ఆటంతా నాకు అట్లాగే, సగం కలలాగే గుర్తుంది.

అందులో నాకు బాగా ఇష్టమైంది బంతి గీత దాటిన తర్వాతి ఆ కాస్త సేపు. విజిల్ ఊదితే లోకం ఆగిపోతుంది. బంతి నా చంకలో ఉంటుంది. ఎక్కణ్ణుంచి వేయాలో వేలితో చూపిస్తాను. సున్నం గీత మీదికి వచ్చి అడ్డం నిలబడినవాళ్లను అడుగు వెనక్కి జరుపుతాను. అవతల ఉన్న తోటి రిఫరీ కళ్లలోకి ఒకసారి, బల్ల వైపు ఒకసారి చూస్తాను. అన్నీ కుదిరాకే బంతి చేతికిచ్చి, పక్కకు తప్పుకొని, లెక్క మొదలుపెట్టాలి. ఒక చెయ్యి లెక్కపెడుతుంటే రెండోది పైకెత్తే ఉంటుంది. లోపల ఎవరో ఒకరు బంతిని తాకినప్పుడు ఆ చెయ్యి కిందికి పడుతుంది, గడియారం కదులుతుంది. అంతదాకా దుమ్ము కూడా గాలిలో నా అనుమతి కోసం నిలబడినట్టే ఉండేది.

అయితే నా లెక్కలో ఒక లొసుగుంది. మాది తంబళ్లపల్లె పక్క మెట్ట సేద్యం. కళ్లంలో రాగులు కొలిచేటప్పుడు మా నాయన మొదటి సేరును ఒకటి అనడు, లాభం అంటాడు. అదీ ఒక్కసారి కాదు, సేరు నిండేదాకా "లాభం, లాభం, లాభం" అని సాగదీసి, కుమ్మరించాక "రెండు" అంటాడు. నేను విజిల్ మెడలో వేసుకున్నా నోట్లో ఆ లెక్కే మిగిలిపోయింది. పెదాల మధ్య లాభం అనుకుంటూనే మొదలుపెట్టేవాణ్ణి. దానికి రెండు సెకండ్లు పట్టేది. స్టాప్‌వాచీలు నన్ను చూసి దిద్దుకున్నాయన్నది ఉత్త మాట. ఎవరూ నా లెక్కను గడియారంతో పోల్చకపోవడం నా అదృష్టం.

ఒకసారి పుంగనూరు ఆడపిల్లల జట్టు కుప్పంలో ఆడాల్సి వచ్చింది. రిఫరీగా నేనూ వాళ్ల బస్సులోనే పోయాను. జట్టులో పొడుగాటి పిల్ల ఒకతె ఉంది. వాళ్ల నాయన పాలు పోసే మనిషి, తోడుగా వచ్చాడు.

"అయ్యోరా, ఈ పొద్దు గెలిస్తే పిల్లని జిల్లా జట్టుకు ఎత్తుకుంటారంట గదా?"

"ఎత్తుకుంటారప్పా."

"ఎత్తుకుంటే మదనపల్లె కాలేజీలో సీటిస్తారంట. అప్పుడు సదివిస్తా. లేదంటే ఇంటికాడ ఆవులుండాయి, వాటిని సూసుకుంటాది."

ఆ పిల్ల కిటికీలోంచి మొహం తిప్పకుండా, "ఆవుల్ని అడిగినావా నాయనా, నేను కావాల్నా అని?" అంది. బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి కోర్టు ఎర్రగా మెరుస్తోంది. చుట్టూ జనం తెలుగులో, తమిళంలో, కన్నడంలో అరుస్తున్నారు. దూరంగా రైలు పోయింది. పుంగనూరు ఒక్క పాయింటు వెనక, మిగిలింది కొన్ని సెకండ్లు. పక్కగీత దగ్గర బంతి ఆ పిల్లకే ఇవ్వాలి. ఇచ్చాను. లోపల నలుగురికీ నలుగురు అడ్డం. లాభం. ఆమె బంతిని తలపైకెత్తింది. రెండు. ఎవరూ దొరకలేదు. మూడు. ఆమె మోకాలిమీద ఎర్రమన్ను కూడా నాకు కనిపిస్తోంది. నాలుగు. ఐదు నా నాలుకమీదికి వస్తుండగా బంతి వదిలింది. ఎవరో అందుకున్నారు, తిరిగారు, వేశారు. బంతి రింగుమీద తీరిగ్గా దొర్లి, లోపల పడింది. గంట మోగింది.

కుప్పం మాస్టరు పరిగెత్తుకొచ్చాడు. "విజిల్ యాల ఊదలే సార్? ఆరు సెకండ్లాయె!"

"నాలుగున్నర," అన్నాను, మొహం బిగించి.

ఆ పిల్ల జిల్లాకు ఆడింది, చదివింది, మదనపల్లెలోనే డ్రిల్లు టీచరైంది. నేనేమో ఆ సాయంత్రాన్ని చెప్పుకుంటూ పోయాను. మొదట్లో అది పొరపాటు. చెప్పగా చెప్పగా దయ అయింది. రెండువేల సంవత్సరం దాటాక ఒకరోజు మా కోర్టులో కొత్త రిఫరీలను కూర్చోబెట్టి, "పాలాయన మొహం చూసి కావాలనే లాభం సాగదీసినా, ఒక పిల్ల బతుకు నిలబెట్టినా, తప్పే, ఒప్పుకుంటాండా," అని గొంతు తగ్గించి చెప్పాను. కావాలని సాగదీసింది లేదు. కళ్లు తుడుచుకున్నది మాత్రం నిజం.

వెనక వరసలోంచి ఆమే లేచింది. మెడలో విజిల్.

"సార్, ఆ పొద్దు మీరు లాభం అన్నేది నేను విన్నా. బంతి అప్పటికి మీ చేతిలోనే ఉండె."

"నా చేతిలోనా?"

"సేరు నింపుతాండేటట్టు బంతి పట్టుకొని లాభం లాభం అంటా చెయ్యి ఊపితిరి. నాకిచ్చినాక రెండుతోనే మొదలుపెట్టినారు. ఆ మాస్టరూ మీ చెయ్యి సూసే ఆరు అన్నాడు. నా చేతికొచ్చినప్పట్నించి నేనూ లెక్కపెట్టుకుంటానే ఉండా. నాలుగు కాకముందే ఇసిరినా."

కొత్త రిఫరీలు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

"మీరు నాకు ఒక సెకండు ఎక్కువియ్యలే సార్, ఒకటి తక్కువిచ్చినారు. ఆ ఆట మేము గెలిసినాము. ఇంగ యాడా అట్ల సెప్పొద్దండి."