వదిన తర్వాత పాసయ్యాను

సేఫ్టీ ట్రైనర్ కోర్సులో వదినను చేర్పించింది నేనే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

నేను కామాటిపుర చాల్‌లో, వరస గదుల ఇళ్లలో పుట్టి, మరాఠీ బడిలో చదివి, వర్లిలో టవర్ కడుతున్న సైటులో సేఫ్టీ అసిస్టెంటునయ్యాను. వదిన పెళ్లయి మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. అదే సైటులో ఇటుకలు మోసేది. తోడుంటుందని కోర్సుకు వెంటబెట్టుకుని వెళ్లాను, అంతే.

ఆఖరి పరీక్ష పాలమూరు కూలీలకు తెలుగులో సేఫ్టీ బెల్టు పాఠం చెప్పడం. చెబితే సరిపోదు. విన్నవాళ్లు బెల్టు కట్టుకుని, దాని కొక్కెం గట్టి కడ్డీకి తగిలించి చూపించాలి. నా తెలుగు రెండో వాక్యానికే హిందీలోకి జారింది. అందరూ బుద్ధిగా తలలూపారు, చేసి చూపమంటే ఒక్కరూ కదల్లేదు. తర్వాత వదిన కొంగు బిగించి, ఇంట్లో అన్నయ్యను కసిరినట్టే వాళ్లనూ కసిరింది. నవ్వుతూనే అందరూ కొక్కేలు వేశారు. ఆమె పాసు, నేను ఫెయిలు. బస్సులో ఆమె పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఇంటిదాకా నిలబడే వచ్చాను.

"మా కోడలు మేడమైంది" అని అమ్మ చాలంతా చెప్పుకుంది. నా సంగతి అడిగితే మాట మార్చేది.

మళ్లీ పరీక్ష దగ్గరపడ్డాక వదినే అంది, "నేను కూలీనైత, నాకు జెప్పు." బెల్టు కట్టుకుని ఇంట్లోనే అటక నిచ్చెనెక్కి కూర్చుంది. కొక్కెం మాత్రం వేలాడుతోంది. హిందీలో చెప్పాను.

"సమజ్ కాలే మేడమ్."

మరాఠీ కలిపి చెప్పాను.

"సమజ్ కాలే. జల్దీ పనుంది, నన్ను పోనియ్యి."

ఇన్నాళ్ల కుళ్లంతా ఒక్కసారిగా మా ఇంటి తెలుగులో తన్నుకొచ్చింది.

"సమజ్ కాకపోతె దుంకు! నువ్వు పడి సస్తె నీ పిల్లగాండ్లకు నేనేం జెప్పాలె? మీ అమ్మకు జల్దీ పనుండె అని జెప్పాల్నా? ఎయ్యి కొక్కెం!"

వదిన నవ్వలేదు. చెయ్యెత్తి పైనున్న ఇనుప కడ్డీకి కొక్కెం తగిలించింది. "గిదే జెప్పు మర్దలా. ఒక్క ముక్క గూడ మార్చకు."

పరీక్షలో అదే చెప్పాను. కూలీలు కిక్కురుమనకుండా కొక్కేలు వేశారు. పాసయ్యాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మం గుమ్మానికీ తిరిగి పేడా మిఠాయి పంచుతోంది. "మా కోడలు నేర్పింది, మా బిడ్డ పాసైంది" అంటోంది. ఎదురింటి గడపలో నిలబడి నేను నోరు తెరిచేలోపే, వెనక నుంచి వదిన అడ్డుపడింది.

"నేనేం నేర్పలే అత్తా. అంత ఆమెనే జెప్పింది."

నా గొప్ప చెప్పే అవకాశం కూడా ఆమెకే దక్కింది.