బావగారి చీపురు

మా అక్క మొగుడు అప్పలరాజుగారు ముప్పయ్యేళ్ళు అమలాపురంలో గుమాస్తాగా చేశారు. అంత కాలంలో ఆయన సాధించింది ఒక్కటే, బల్ల మీద కాగితం ముక్క కనపడనివ్వకపోవడం. ఫైలు కదిలిందా లేదా అన్నది ఆయనకు ఎప్పుడూ పట్టలేదు. రిటైరయ్యాక అదే చేత్తో మా అక్క కృష్ణవేణి తోటలోకి దిగారు. మా ఖర్మ.

ఆ తోట ఉప్పలగుప్తం పక్కన రెండెకరాలు. మా నాన్న అక్క పేరున రాసిచ్చారు. కొబ్బరి నీడలో కోకో మొక్కలు అక్కే నాటింది. ఏ చెట్టు ఎప్పుడు తొలికాపు కాసిందో ఆవిడకు నోటికొచ్చు. కోకో ఆకు రాలి నేలంతా చాపలా పరుచుకుంటుంది. తడికి కుళ్ళుతుంది. దాని మీద కంటికి ఆనని నుసుము పురుగులు ముసురుతాయి. బావగారు మొదటి రోజే ముక్కు మూసుకున్నారు.

"ఇది తోటా, పెంటకుప్పా?"

"ఆయ్, ఆ నుసుములుంటేనే కాయ పడతాదండీ," అంది పాతికేళ్ళుగా అక్కడ పని చేస్తున్న వీరవేణి.

"నాకు నువ్వు చెప్పొచ్చేవా? ఊడ్చు."

రోజూ ఊడ్పించి తగలబెట్టించారు. పొద్దున్నే తోటలో కుర్చీ వేయించుకుని కాఫీ తాగుతూ, నేల అద్దంలా ఉందని మురిసిపోయారు. మరి చెట్ల సంగతి? పూత విరగపూసింది. కోకో పువ్వు మానుకే పూస్తుంది, చొక్కా గుండీ అంత ఉంటుంది. దాని పుప్పొడి జిగురు, గాలికి లేవదు. తేనెటీగ అందులోకి దూరలేదు. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేర్చి కాయ కట్టించేది నువ్వుగింజ కన్నా చిన్నదైన ఆ నుసుమే. అది పుట్టేది కుళ్ళిన ఆకులో. పుప్పొడి అందని పువ్వు ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది. రాలిన పూలను కూడా బావగారు ఊడ్పించారు.

రెండేళ్ళు కాయ లేదు. అక్క చెప్పింది, నేను చెప్పాను, ఆయన చెవికెక్కలేదు. ఎరువు మార్చారు, మందు కొట్టించారు, చివరికి వీరవేణి చెయ్యి మంచిది కాదన్నారు. తన మీద మాత్రం అనుమానం రాలేదు. అంత తెలివే ఉంటే ఇదంతా రాసే పని నాకుండేది కాదు. మూడో ఏడు "గొడ్డు చెట్లు, సోమవారం కొట్టించేస్తాను" అని రంపం వాళ్ళకు కబురు పెట్టారు. అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆదివారం నేను ఆయన్ను మోటారు షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాను. అక్క కూడా వచ్చింది. తడిగా ఉండి నిప్పంటుకోని ఆకు చెత్తను వీరవేణి అక్కడ పోసేది. అక్కడున్న ఐదు చెట్లకూ మానంతా కాయలే.

"చూడండి బావగారూ, ఆకు ఉన్నచోటే కాయ ఉంది," అన్నాను.

ఆయన చాలాసేపు చూశారు. బుర్రకెక్కిందనుకున్నాను.

"వీరవేణీ! ఇన్నాళ్ళూ చెత్తంతా ఇక్కడ దాచేవా? ముందిది ఎత్తెయ్!"

ఇన్నేళ్ళూ ఆ మనిషిని చదువుకున్నవాడనుకున్నందుకు నాకే సిగ్గేసింది.

వీరవేణి చీపురు తీసింది. అక్క దాన్ని లాక్కుని ఆయన చేతిలో పెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముందు గొంతెత్తని మనిషి.

"తోట నా పేరు మీదుందండీ. రేపట్నించి మీరిటు రాకండి. ఇంటికెళ్ళి మీ ఇష్టమొచ్చినంతసేపు హాలు ఊడ్చుకోండి. చెట్టు మీద రంపం పడిందో, నేను ఇదిగో, ఈ తమ్ముడింటికి వెళ్ళిపోతాను."

రంపం రాలేదు. ఆకు రాలింది, కుళ్ళింది, నుసుములు వచ్చాయి. ఈ ఏడు మాను కనపడకుండా కాయ పట్టింది. మొన్న వాడపల్లి నుంచి ఇద్దరు రైతులు తోట చూడడానికొచ్చారు. బావగారు గేటు బయట కుర్చీ వేసుకుని వాళ్ళతో అంటున్నారు:

"రెండేళ్ళు నేల ఎంత శుభ్రం చేయించేనో తెలుసాండీ? ఆ ఫలితమే ఇది."