ఉయ్యూరు మడతలు

మతద్వేషం రెచ్చగొట్టిన తొంభైల నాటి కరపత్రాలను సేకరించి, ఆ ఉద్యమాలు ఎలా పెరిగాయో చదివేవాళ్ల కోసం భద్రపరచాలని హైదరాబాదులోని మా గ్రంథాలయం సంకల్పించింది. దేశాన్ని ఉద్ధరించడానికి ఊరూరా వాటిని పంచినవాళ్లలో ఒక్కరూ కాపీ దాచుకోలేదు. అంత వినయం! అందుకే 2004 వేసవిలో నేను బయల్దేరాల్సి వచ్చింది.

ఉదయం ఆరింటికి బెజవాడలో రైలు దిగి, బస్టాండులో ఇడ్లీ తిని, ఏడుంపావుకి బందరు బస్సెక్కాను. పక్కసీట్లో చెరకు రైతు నా పని విని, "చిత్తుకాగితాల కోసం ఇంత దూరమాండీ?" అని జాలిపడ్డాడు.

ఎనిమిదిన్నరకి ఉయ్యూరులో దిగి, అప్పట్లో కరపత్రాలు వేయించిన సంఘం పెద్ద ఇంటికి వెళ్లాను. ఆయనిప్పుడు శాంతి కమిటీ అధ్యక్షుడు. "అలాంటివి మేమెప్పుడూ వెయ్యలేదండీ" అన్నారు. కాఫీ మాత్రం బాగుంది.

ఇదే పనిమీద వచ్చేవాళ్లకు నా సలహా: పెద్దల ఇళ్లకు కాదు, బైండింగు షాపుకు వెళ్లండి. అక్కడ కరీముల్లా గారు చేతి జిగురు తుడుచుకుని, బీరువా అడుగునుంచి ఓ కాగితం తీశారు. ముస్లింలకు పని ఇవ్వకండి అని పెద్దక్షరాలు. కింద శాంతి కమిటీ అధ్యక్షుల వారి పేరు.

"కటింగూ, మడతలూ నావేనండి. ఊళ్లో కటింగ్ మిషన్ నాదొక్కటే. సాయంత్రానికల్లా కావాలని ఆయనే వచ్చి కూర్చున్నారు."

నాకు నవ్వొచ్చింది. కరీముల్లా గారు నవ్వలేదు.

"మీరు చదవలేదా?"

"చదివానండి. అక్షరాల లైను మీద మడత పడకూడదు కదండీ. కాదంటే ఎలాగండీ, ఈ ఊళ్లో బతకాలి కదా. అవి పంచాక ఆ ఏడు బడిపుస్తకాల పని నాకు రాలేదండి."

నాకు సిగ్గేసింది. కాగితం నా చేతికిస్తూ కూడా ఆయన దాన్ని వదల్లేదు. "మా మనవరాలు ఇక్కడే కాలేజీలో చేరిందండి. ఇది మళ్లీ అచ్చవకూడదు. మాటివ్వండి."

తాళం వేసి ఉంచుతామని, చదువుకునేవాళ్లకే చూపిస్తామని మాటిచ్చాను.

బెజవాడలో భోంచేసి మూడున్నర రైలెక్కాను. వివరాలు రాసుకుందామని కాగితం బయటికి తీశాను. అప్పటిదాకా నాతో వేరుశనక్కాయలు పంచుకున్న ఎదుటిసీటాయన దాన్ని తలకిందులుగానే చదివేశారు.

"ఎప్పటిదండీ?"

"పదేళ్లు దాటింది."

"ఎంత బాగా రాశారండీ! సికింద్రాబాదులో దిగగానే ఒక్క జిరాక్సు తీయించుకుంటాను, మావాళ్లకి పంచాలి."

పొద్దున రైలు దిగినప్పుడు చరిత్ర కోసం వచ్చానని అనుకున్నాను. కాగితం సంచిలో పెట్టి, సికింద్రాబాదు దాకా సంచిని ఒళ్లోంచి దించలేదు.