మేకుకు తగిలించిన మల్లెలు

పోయిన నెల పేరేసంద్ర దగ్గర, హైవే పక్క నర్సరీలో నిలబడి గట్టిగా నవ్వేశాను. ఇంటి వెనక కొత్తగా బండలు పరిపించాం, చుట్టూ మంచి వాసనొచ్చే మొక్కలు పెట్టుకుందామని వెళ్లాను. "మల్లె, జాజి, సంపంగి, ఏది కావాలన్నా ఉండాదమ్మా. మీకు ఎంత వాసన కావల్ల?" అన్నాడు నర్సరీ ఆయన. జంగమకోటె కోడలినై ఇన్నేళ్లకు నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

మాది పట్టుపురుగులు పెంచిన ఇల్లు. పురుగు గూడు కట్టేదాకా ఆ ఇంట్లో వాసనన్నది పనికిరాదు. ఊదుబత్తి లేదు, పౌడరు లేదు, తాలింపు కూడా వీధి వైపు వసారాలోనే. చింతామణిలో పుట్టి పెరిగిన నాకు ఇవేం తెలుసు? పెళ్లయిన కొత్తలో తలనిండా మల్లెపూలతో పెరట్లోని పురుగుల కొట్టంలోకి అడుగు పెట్టబోతే, మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "పూలు ఆ మేకుకు తగిలించి రా అమ్మణ్ణీ. ఈ వాసనకు పురుగులు ఆకు ముట్టవు." గుమ్మం పక్క గోడకు నిజంగానే ఒక మేకు ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త కోడలికన్నా పురుగులకే మర్యాద ఎక్కువా అని మా ఆయన దగ్గర రుసరుసలాడాను. ఆయనా పురుగుల పక్షమే.

పెరట్లో అత్త కనకాంబరాలు తప్ప ఇంకో పూలచెట్టు పెంచలేదు. వాటికి వాసన ఉండదు కదా. ఆమెకు ఆ రంగంటే పిచ్చేమో అనుకునేదాన్ని. ఒకసారి ఇద్దరం చింతామణి సంతకు వెళ్లాం. వంకాయలకు గీచి గీచి బేరమాడే మనిషి, మల్లెపూల బుట్ట దగ్గర నోరెత్తలేదు. ఒక మూర తీసుకుని తల్లో పెట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఆ పూలు తడుముకుంటూనే ఉంది. మా ఊరు కనబడగానే పూలు తీసి, వెనక సీట్లో ఉన్న ఎవరో అమ్మాయి చేతిలో పెట్టింది. "పెట్టుకోమ్మా, మా ఇంట్లో పురుగులుండాయి" అంది. ఆమె మీద నాకున్న కోపమంతా ఆ బస్సులోనే పోయింది.

ఇప్పుడు మాకు పురుగులు లేవు. ఆ చాకిరీ చేసే ఓపిక లేక మానేశాం. కొట్టంలో పాత పైపులూ చీపుర్లూ పడున్నాయి. అందుకే ఆ రోజు నర్సరీ నుంచి మొగ్గలతో ఉన్న మల్లెను తెచ్చి అత్త ముందు దించాను. ఎగిరి గంతేస్తుందనుకుంటే మొహం చిన్నబుచ్చుకుంది.

"పక్కింట్లో పురుగులు మేస్తాండాయి కదే. గాలి అటే పోతాది. నా సోకు కోసం ఒకరి పంట చెడగొడతామా?"

ఈ వయసులో కూడా వద్దంటే ఇంకెప్పుడు పెట్టుకుంటుంది ఈమె? నాకు ఏడుపొచ్చినంత పనయింది. మా మాటలు విని పక్కింటామె గోడ మీది నుంచి తొంగిచూసింది. "నేలలో వద్దు పెద్దమ్మా, కుండీలో పెట్టు. మా పురుగులు మేసినన్నాళ్లు వీధి పక్క పెట్టుకో. చంద్రికలెక్కినాక నేనే కేకేస్తా, వెనక్కి తెచ్చుకో." చంద్రికలంటే పురుగులు గూళ్లు కట్టుకునే వెదురు తట్టలు. అవి ఎక్కిన పురుగుకు ఇక మేత అక్కర్లేదు, మాకు ఏ వాసన భయమూ అక్కర్లేదు. "అట్లయితే సరే" అంది అత్త.

నిన్న సాయంత్రం ఆ కేక వినబడింది. అత్తా నేనూ ఆయాసపడుతూ కుండీని పెరట్లోకి జరుపుకొచ్చాం. విచ్చిన పూలు ఆమే కోసింది, ఆమే కట్టింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. తల్లో పెట్టుకుని, రాలిన ఆకులు ఊడ్చడానికి చీపురు తెస్తానని కొట్టం వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, పూలు తీసి మేకుకు తగిలించింది.

"అత్తా! లోపల చీపుర్లకు కూడా వాసన పడదా?" అన్నాను.

ఆమె మేకు వైపు చూసింది, నా వైపు చూసింది, పకపకా నవ్వింది. "అవునే!" అంటూ పూలు మళ్లీ తల్లో పెట్టుకుని గడప దాటింది. మా ఇంట్లోంచి పురుగులు వెళ్లిపోయి చాలా కాలమే అయింది గానీ, మా అత్త చేతికి మాత్రం ఆ కబురు నిన్ననే అందింది.